మూడు పుష్కరాల గజఈతగాడు

మాయా జాతివాళ్లు వానదేవుడికి మనుషుల్ని బలి ఇచ్చిన బావిలోకి దిగి, అడుగుదాకా వెళ్లి, మునిగిపోతున్న మనవరాలిని ఒంటిచేత్తో పైకి తెచ్చిన తెలుగువాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. అదీ డెబ్భై ఒకటో ఏట, కుడి మోకాలి నొప్పితో.

ఈ మాట చదివి మీరు కాస్త సర్దుకుని కూర్చుని ఉంటే, నన్ను ఆ గౌరవంతో ఒక్క నిమిషం చూడండి. ఆ తర్వాత నేను ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవాలి.

ముందుగా వెనక్కి తీసుకోవలసింది దేశం. ఆ బావి మెక్సికోలో లేదు. ఇంగ్లండులో, లీడ్స్ నుంచి మినీబస్సులో గంటన్నర పోతే వచ్చే యార్క్‌షైర్ కొండల్లో ఉంది. మాయావాళ్లు ఆ ఛాయలకి ఎన్నడూ వచ్చినవాళ్లు కాదు. దానికి మాయా బావి అని పేరు పెట్టింది పదకొండేళ్ల మా మనవరాలు. మిగతావి వాటి వరసలో వెనక్కి తీసుకుంటాను. అన్నీ ఒక్కసారే తీసుకుంటే నాకేమీ మిగలదు.

మా అమ్మాయి లీడ్స్‌లో నర్సు. అల్లుడు కంప్యూటర్ ఉద్యోగం మీద వారంలో సగం రోజులు ఊళ్లోనే ఉండడు. నేనూ మా ఆవిడా రాజమండ్రి నుంచి వచ్చి ఆరేసి నెలలు ఉండి వెళుతుంటాం. ఇది అయిదో రాక. మనవరాలు అక్కడే పుట్టింది. మనం మాట్లాడే తెలుగంతా దానికి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. నా మీదా అమ్మమ్మ మీదా దయతలచి మధ్యమధ్య తెలుగు ముక్కలు వేస్తుంది.

ఈ ఏడు బళ్లో దానికి మాయా నాగరికత పాఠం. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్టలు కత్తిరించి మెట్ల గుడి ఒకటి కట్టి, తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. ఆ దేశంలో కొన్నిచోట్ల నేలమీద నదులే ఉండవట. రాతినేల కూలి లోతైన బావులు పడతాయట. వానదేవుడు వాటి అడుగున ఉంటాడని నమ్మి, మనుషుల్ని అందులోకి తోసేవాళ్లట.

"పెద్దవాళ్లనేనా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"చిల్డ్రన్ కూడా, తాతయ్యా. తోసేముందు నీలం రంగు పూస్తారు. హోల్ బాడీ."

పుట్టినరోజుకి ఆ బావులు చూపించమని వాళ్లమ్మని అడిగింది. వాళ్లమ్మ ఆస్పత్రి డ్యూటీల రోటా చూసి ఒక నవ్వు నవ్వి ఊరుకుంది. వారం తిరిగేసరికి ఫోన్లో వెతికి దగ్గర్లో ఒక ట్రిప్పు పట్టింది. గైడు వెంట ఉంటుంది. పొద్దున్న పాతకాలపు క్రైస్తవ మఠం శిథిలాలు, మధ్యాహ్నం కొండవాగు మడుగులో ఈత, సాయంత్రానికి ఇల్లు. పిల్లతో పెద్దవాళ్లుండాలి కాబట్టి నేనూ మా ఆవిడా వెళ్లాలి.

"అదీ పాడుబడ్డ గుడే, అదీ బావే. మెక్సికో అనుకో" అంది అమ్మాయి.

పిల్ల ఆలోచించింది. ఆ ఆలోచన ఎందుకో చెప్పాలి. దానికి నీళ్లంటే భయం. బడివాళ్లు బస్సులో స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్లి ఈత నేర్పారు. చివర్లో పాతిక మీటర్లు ఈదినవాళ్లకి సర్టిఫికెట్ ఇచ్చారు. క్లాసులో దాదాపు అందరికీ వచ్చింది. ఇది గట్టుమీద కూర్చుని కాళ్లు ఆడించి వచ్చేసింది. సెప్టెంబరులో పెద్దబడికి మారాలి. అక్కడికి ఈ భయంతో వెళ్లకూడదని దానికి ఉంది. వెళ్లాలంటే ఒక్కసారైనా నీళ్లలోకి దిగాలి. చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"తాతయ్య నా చెయ్యి పట్టుకోవాలి. వదలకూడదు."

ఎందుకు తాతయ్యే అంటే, తప్పు నాదే. దానికి మూడేళ్లప్పటినుంచి అన్నం తినిపిస్తూ నేను చెప్పిన కథలన్నిట్లోనూ నేను గోదావరి ఈదుతూనే ఉన్నాను. వరదలో ఈదాను. కొట్టుకుపోతున్న గేదెని దూడతో సహా ఒడ్డుకి తెచ్చాను. ఒకసారి పెరుగన్నం ఎంతకీ తినకపోతే, రైలు వంతెన మీంచి దూకాను.

ఒక శనివారం అది వంటింటి బల్ల దగ్గర ట్యాబ్లెట్ పెట్టుకుని, ట్రిప్పువాళ్లు పంపిన ఫారం నింపుతోంది. నా మోకాలు, బీపీ, మాత్రలు అన్నీ అడిగి రాసింది. తర్వాత ప్రశ్న నదుల్లోనూ చెరువుల్లోనూ ఈత అనుభవం గురించి.

"రివర్‌లో దిగావు కదా తాతయ్యా?"

"దిగడమేంటే! మునిగాను. మూడు పుష్కరాలు మునిగినవాణ్ణి."

"మునగడం అంటే డైవ్ కదా?"

అక్కడ, సరిగ్గా అక్కడ, నేను కాదు అనాలి. "అలాంటిదే" అన్నాను.

"పుష్కరం అంటే ఎంత, అమ్మమ్మా?"

మా ఆవిడ కరివేపాకు దూస్తోంది. "పన్నెండేళ్లే తల్లీ."

పిల్ల వేళ్లు లెక్కపెట్టి ఏదో టైపు చేసింది. ఏం రాశావంటే చదివి వినిపించింది. "రివర్ డైవర్. థర్టీ సిక్స్ ఇయర్స్."

"ఏం డ్రైవరు?" అంది మా ఆవిడ. "మీ తాతయ్యకి స్కూటరే రాదు."

నవ్వులో ఆ మాట కలిసిపోయింది. ఫారం వెళ్లిపోయింది.

పుష్కర మునకంటే ఏమిటో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. నా మునక సంగతి మాత్రం చెప్పాలి. రేవులో రెండో మెట్టు మీద నిలబడి, కుడిచేత్తో ఇనపగొలుసు, ఎడంచేత్తో మా ఆవిడ కొంగు పట్టుకుని, నడినెత్తి తడిస్తే చాలన్నట్టు వంగి లేచేవాణ్ణి. ముక్కు మూయడానికి మూడో చెయ్యి లేదు కాబట్టి ఊపిరి బిగబట్టేవాణ్ణి. మూడు పుష్కరాలూ కలిపినా నా తల నీళ్లలో ఉన్నది అరనిమిషం ఉండదు.

దానికి కారణం కూడా ఉంది. ఇది కథ కాదు. తొమ్మిదేళ్లప్పుడు మా ఊరి కాలువ లాకు మెట్ల మీద పాచికి కాలు జారి నీళ్లలో పడ్డాను. పైన ఆకుపచ్చగా వెలుతురు కనపడింది. తర్వాత అది మట్టిరంగయింది. తర్వాత రంగే లేదు. చెవుల్లో పెద్ద డేగిసాలో నీళ్లు మరుగుతున్న చప్పుడు. ఎవరో జుట్టు పట్టుకుని బయటికి లాగారు. ఆ రోజునుంచి ఈ రోజుదాకా నాకు మగ్గుతో పోసుకునే నీళ్లే నీళ్లు. లీడ్స్‌లో కూడా షవర్ కింద బకెట్ పెట్టి, నిండాక మగ్గుతో పోసుకుంటాను. నీళ్ల ఆదా అని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి, ఆ ధార ముఖం మీద పడితే నాకు ఊపిరి ఆగుతుంది. ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆమెకి తెలుసు, అది వేరే విషయం.

ట్రిప్పు రోజు పొద్దున సన్నగా తుంపర పడుతోంది. జూన్ నెల. మా ఆవిడ చీరమీద రెయిన్‌కోటు వేసుకుని, చీలమండలదాకా వచ్చే బూట్లు కట్టుకుని, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది. మేం ముగ్గురం కాక అయిదుగురు ఇంగ్లీషువాళ్లు. వాళ్లలో ఒకావిడకి నాకంటే అయిదారేళ్లు ఎక్కువే ఉంటాయి. తెల్లజుట్టు, చేతిలో ఫ్లాస్కు. చలికాలంలో కూడా చెరువుల్లో ఈదుతానని మా ఆవిడకి సైగలతో చెప్పింది. మా ఆవిడ పాపం అన్నట్టు చూసి రెండు ముద్దల పులిహోర పెట్టింది.

గైడు ముప్ఫయ్యేళ్ల అమ్మాయి. ఆ వానలో నిక్కరు వేసుకుని ఉంది. ప్రతివాళ్లనీ 'లవ్' అని పిలుస్తుంది. మొదటిసారి పిలిచినప్పుడు నేను మా ఆవిడ వైపు చూశాను. అది ఆ ప్రాంతం అలవాటుట, కూరగాయల దుకాణంలోనూ అంటారట. ఆమె బస్సు ఎక్కుతున్నవాళ్ల పేర్లు ట్యాబ్లెట్‌లో చూసుకుంటూ నా దగ్గర ఆగింది.

"ముప్ఫై ఆరేళ్లా!" అంది. ఆమె అన్నది ఇంగ్లీషులోనే, నాకు బాగానే అర్థమైంది. "విత్ ట్యాంక్స్, లవ్?"

మన దగ్గర చెరువుని ఇంగ్లీషులో ట్యాంకనే అంటారు. హైదరాబాదులో చెరువుగట్టుకి ఆ పేరే. నేను ఛాతీ విరిచి, "ట్యాంక్స్, కెనాల్స్, రివర్స్. ఆల్" అన్నాను.

ఆమె అడిగింది వీపుకి కట్టుకుని సముద్రంలోకి దిగే గాలి సిలిండర్ల గురించి అని ఇంటికొచ్చాక తెలిసింది. అప్పటికి మాత్రం ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నా మణికట్టుకి ఆకుపచ్చ పట్టీ కట్టింది. మనవరాలికి పసుపుపచ్చది. పసుపు పట్టీవాళ్లకి తేలే జాకెట్ తొడుగుతారు, ఆకుపచ్చవాళ్లకి అక్కర్లేదు. ఆకుపచ్చవాళ్లు తమని తాము చూసుకోగలరు, పక్కవాళ్లని కూడా చూసుకోగలరు. అలా అని చెప్పి నా భుజం తట్టింది. పిల్ల నన్ను చూసి మురిసిపోయింది.

బస్సు కదిలింది.

గంటన్నర ప్రయాణంలో కిటికీలోంచి గొర్రెలూ రాతిగోడలూ కనిపించాయని మిగతావాళ్లు చెప్పుకున్నారు. నాకు పట్టీ ఒక్కటే కనిపించింది. దాన్ని తిప్పుతూ, ఊడుతుందేమో అని లాగుతూ కూర్చున్నాను. ఊడలేదు. కత్తిరించాల్సిందే.

మఠం దగ్గర దిగాం. కప్పు లేని గోడలు, అద్దాలు లేని కిటికీలు. ఆ కిటికీల్లోంచి మబ్బులు పోతుంటే, కదులుతున్నవి గోడలేమో అనిపించి కళ్లు తిరిగాయి. గైడు ఏవేవో చెబుతోంది. సన్యాసులు ఎప్పుడు లేచేవారు, ఏ రాజు కోపంతో పడగొట్టించాడు, కప్పుమీది సీసపు రేకులు ఏమయ్యాయి. అందరూ తలలు ఎత్తి చూస్తున్నారు. నేను తల దించి చూశాను. గోడవారన గడ్డిలో ఒక రాతితొట్టి ఉంది. గొడ్లకి కుడితి పోసేది అనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే అది మనిషి ఆకారంలో తొలిచి ఉంది. తలకి గుండ్రంగా చోటు, భుజాలకి వెడల్పు, కాళ్ల దగ్గర సన్నం. శవపేటిక. దాని నిండా వాననీళ్లు. నీళ్లలో ఒక ముఖం. నాదే.

నా పొడవుకి సరిపోతుందా అని కొలుచుకున్నాను. సరిపోతుంది.

"ఏవండీ, ఏం చూస్తున్నారు?" మా ఆవిడ వెనకనుంచి వచ్చింది.

ఆమెకి అంతా చెప్పేశాను. ఫారం, డైవరు, పట్టీ, అన్నీ.

"దానికి చెప్పెయ్యండి. ఇప్పుడే చెప్పెయ్యండి."

"దిగాక చెబుతాలే."

"దిగాక ఏం చెబుతారండీ, బుడగలా?"

"బీపీ పెరిగిందని చెబుదామా?"

"పొద్దున్న మాత్ర నా చేత్తో ఇచ్చాను. మింగారు. అబద్ధానికి మళ్లీ ఇంకో అబద్ధం ఎందుకండీ? వెళ్లి చెప్పండి."

వెళ్లాను. పిల్ల కూలిన స్తంభం మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, "అమ్మలూ, నేనొకటి చెప్పాలే" అన్నాను. అది నా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఐసుముక్కల్లా ఉన్నాయి ఆ చేతులు.

"నాకు స్కేర్డ్‌గా ఉంది తాతయ్యా. నువ్వు లేకపోతే నేను దిగను. నెవర్ ఎవర్." నా వైపు తిరిగి, "నువ్వేం చెప్పాలి?" అంది.

చెబితే అది దిగదు. ఆ రోజే కాదు, మరి ఎప్పటికీ దిగదు. పైగా గోదావరి, గేదె, దూడ, వంతెన అన్నీ ఒక్కసారే మునిగిపోతాయి. చెప్పకపోతే నేను మునుగుతాను. తూచి చూసుకున్నాను.

"నీ బూటు లేసు ఊడింది" అన్నాను.

మడుగు దగ్గరికి కొండదారిలో ఇరవై నిమిషాల నడక. ముందు చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు తెలుసు. డేగిసాలో మరుగుతున్న నీళ్ల చప్పుడు. అరవై రెండేళ్ల తర్వాత కూడా చెవులు దాన్ని గుర్తుపట్టాయి. కాళ్లు నిలబడిపోయాయి. వెనకనుంచి ఫ్లాస్కు ఆవిడ, "గో ఆన్, లవ్" అంది.

రాళ్ల మధ్య మీదినుంచి వాగు పడుతోంది. కింద మడుగు. నీళ్లు కాఫీ డికాక్షన్ రంగు. కొండమీద మన్ను అలాంటిదట, నీళ్లు శుభ్రమైనవేనట. అడుగు కనిపించదు. అరచెయ్యి ముంచితే మణికట్టు దగ్గరే చెయ్యి మాయమైంది. "ఇదే మాయా బావి" అంది పిల్ల గుసగుసగా. అది ఎందుకలా అందో గాని, నాకు మాయ అనే మాటకి ఉన్న అర్థాలన్నీ ఆ క్షణంలో తోచాయి.

చలినుంచి కాపాడటానికి ఒళ్లంతా అతుక్కునే రబ్బరు సూట్లు ఇచ్చారు. నాకు తొడగడానికి మా ఆవిడ ఒకవైపు, గైడు ఒకవైపు లాగారు. గుమ్మడికాయకి దిండుగలీబు తొడిగినట్టయింది. చివరికి మెడదాకా జిప్పు వేశాక కిందికి చూసుకున్నాను.

నీలం రంగు.

నీలం రంగు పూసి తోస్తారు, హోల్ బాడీ. పిల్లకి కూడా ఆ మాట గుర్తొచ్చినట్టుంది. నా సూటు వైపు చూసి కళ్లు దించుకుంది.

ఫ్లాస్కు ఆవిడ పెరట్లోకి నడిచినట్టు నీళ్లలోకి నడిచి వెళ్లిపోయింది. మెడలోతు నీళ్లలో ఉండి ఎవరితోనో టమాటా మొక్కల గురించి మాట్లాడుతోంది. గైడు మాకు ఏవో జాగ్రత్తలు చెప్పింది. మొదటి రాయి జారుతుంది, ఊపిరి నెమ్మదిగా వదలండి. దూరంగా ఉన్న తెల్లరాయిని చూపించి, అక్కడిదాకా ఏదో, అది దాటితే డీప్ అంది. నాకు డీప్ ఒక్కటే వినిపించింది.

పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "రెడీ తాతయ్యా?" అంది. నా ఆకుపచ్చ పట్టీ చూసుకుని, ముందుకి అడుగేశాను.

ఇక్కడినుంచి నేను లోకానికి చెప్పిన కథ ఇది. పిల్ల కాలు జారింది, నీళ్లు లాక్కుపోయాయి, నేను మునిగి అడుగున దాన్ని అందుకుని పైకి తెచ్చాను. జరిగింది ఇది. నా కాలు జారింది.

చలి ముందు కొట్టింది. ఛాతీ మీద ఎవరో బండ పెట్టినట్టు ఊపిరి బిగుసుకుపోయింది. తర్వాత నీళ్లు నెత్తిమీదికి వచ్చాయి. పైన వెలుతురు, ఆకుపచ్చ కాదు, డికాక్షన్ రంగు. తర్వాత అదీ లేదు. చెవుల్లో డేగిసా. నాకు డెబ్భై ఒకటి కాదు, తొమ్మిది. లాకు మెట్ల మీద పాచి ఉంది, జుట్టు పట్టుకోవడానికి ఎవరూ లేరు, నాకు అంత జుట్టూ లేదు. అరవబోతే నోట్లోకి నీళ్లు వచ్చాయి, ఇనప రుచి. ఎక్కడో పైన గైడు అరుస్తోంది. అదే మాట మళ్లీ మళ్లీ. మనుషుల్ని పిలుస్తోందనుకున్నాను, అంబులెన్సుకి చెబుతోందనుకున్నాను.

చేతికి ఏదో తగిలింది. సన్నగా, వెచ్చగా. రెండు చేతులతో పట్టుకుని నా వైపు లాగాను. అది మనవరాలి చెయ్యి. రాయాలంటే చెయ్యి ఆడటం లేదు, అయినా రాస్తాను. ఆ క్షణంలో నాకు మనవరాలు లేదు. అందితే పట్టుకునే కొమ్మ ఉంది. ఆ కొమ్మ పట్టుకుని పైకి రావాలి, కొమ్మ ఏమైపోయినా సరే. వదలనని మాటిచ్చాను కదా, వదల్లేదు. దాన్ని కూడా నాతో కిందికి లాగాను.

దాని తల ఒకసారి నీళ్లలోకి వెళ్లింది. తేలే జాకెట్ దాన్ని పైకి తెచ్చింది. వచ్చాక అది ఏడవలేదు, నన్ను విదిలించుకోలేదు. రెండో చేత్తో నా మెడ వెనక సూటు పట్టీ దొరకబుచ్చుకుని పైకెత్తింది. పూల్ దగ్గర టీచరు చెబుతుంటే గట్టుమీద కూర్చుని విన్నదేనట. ఈలోగా గైడు వచ్చి నా భుజం పట్టుకుంది. నా ముఖానికి గాలి తగిలింది.

నాకు మొదట కనిపించింది మా ఆవిడ. చీరతో, బూట్లతో నీళ్లలోకి వచ్చేసి నా ఎదురుగా నిలబడి ఉంది. పులిహోర డబ్బా చేతిలోనే ఉంది.

నన్ను రాయిమీద కూర్చోబెట్టి దుప్పటి కప్పారు. ఫ్లాస్కు ఆవిడ తన టీ అంతా నాకే తాగించింది. గైడు తన జేబులోంచి చిన్న కత్తెర తీసి నా ఆకుపచ్చ పట్టీ కత్తిరించింది. పిల్ల మణికట్టు మీద నా వేళ్ల గుర్తులు నాలుగు, ఎర్రగా.

"మళ్లీ వెళ్లొచ్చా?" అని అది గైడుని అడిగింది.

వద్దు అందామని నోరు తెరిస్తే పళ్లు టకటకమన్నాయి గాని మాట రాలేదు. గైడు పక్కన నడుస్తుంటే అది తెల్లరాయి దాకా వెళ్లింది. రాయి దాటింది. డికాక్షన్ మీద పసుపు జాకెట్, చిన్న తల. ఆరు బారలు వేసిందో ఏడో, నేను కళ్లు మూసుకుని ఉన్నాను. నీళ్లలో ఉన్నప్పటి భయం ఒక ఎత్తు, గట్టుమీద కూర్చుని పడ్డ ఈ భయం ఒక ఎత్తు. అయిందా అని మా ఆవిడని అడుగుతూనే ఉన్నాను. అయినప్పుడు ఆమె చెప్పలేదు, చప్పట్లు కొట్టింది.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సాయంత్రం అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా, "ఎలా జరిగింది నాన్నా? దిగిందా?" అంది. నా నోరు నాకంటే ముందు లేచింది.

"దిగడమేంటే! కాలు జారి మునిగిపోబోతే నేనే పట్టుకుని పైకి తెచ్చాను."

మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. పిల్ల నా వైపు చూసింది. కాదు అంటుందని ఎదురుచూశాను. అనలేదు. చొక్కా చేతిని మెల్లిగా కిందికి లాక్కుని మణికట్టు కప్పుకుంది. ఆ గుర్తులు వాళ్లమ్మ చూడకుండా.

వచ్చిన ఆదివారం నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి కలిశాయి. అక్కడ బావి లోతు పెరిగింది. బిర్యానీ అయ్యేసరికి కొండవాగు మెక్సికో చేరింది. పెరుగన్నం దగ్గర నేను అడుగున ఎముకలు కూడా చూశాను. "అంకుల్, సూపర్ అంకుల్!" అని ఒకబ్బాయి నా చెయ్యి ఊపాడు. పిల్ల అవతలి గదిలోంచి వింటూనే ఉంది. మళ్లీ ఏమీ అనలేదు.

అయితే ఆ వారమంతా నన్ను ఒక్క కథా అడగలేదు. అన్నం ముందు కూర్చుని మాట్లాడకుండా తిని, పళ్లెం సింకులో పెట్టి వెళ్లిపోయేది. చివరికి నేనే, "గేదె కథ చెప్పనా?" అన్నాను. "ఇట్స్ ఓకే తాతయ్యా" అంది, మర్యాదగా. మా మధ్య మర్యాద ఎన్నడూ లేదు. ఆ మర్యాద చూసి నాకు మడుగులో పడ్డంత పని అయింది. ఇక్కడ పట్టుకోవడానికి కొమ్మ కూడా లేదు.

అందుకని ఇదంతా రాశాను. లాకు మెట్లు, మగ్గు, ఇనపగొలుసు, పట్టీ, కొమ్మ, ఏదీ దాచకుండా. దానికి తెలుగు చదవడం రాదు. నిన్న మధ్యాహ్నం ఎదురుగా కూర్చోబెట్టి, మొదటి వాక్యంనుంచి ఇక్కడిదాకా గట్టిగా చదివి వినిపించాను. టోస్టు కొరుకుతూ వింది. లాకు మెట్ల దగ్గర కొరకడం ఆపింది. కొమ్మ దగ్గర నేను చదవడం ఆపితే మంచినీళ్ల గ్లాసు నా వైపు తోసింది. మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి వింది.

"అంతేనా?" అంది పిల్ల.

"అంతే. నీ చెయ్యి లాగినందుకు తప్పు నాదే. ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదమ్మలూ."

"ఒకటుంది."

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గైడ్ ఏమని అరిచిందో తెలుసా? 'స్టాండ్ అప్, లవ్! స్టాండ్ అప్!' అని. అమ్మమ్మ నడిచి వచ్చింది కదా, నువ్వు చూశావు కదా." అది లేచి వచ్చి, నా పంచె ముడి మీద వేలు పెట్టింది. "వాటర్ నీకు ఇక్కడిదాకే. నువ్వు మునగలేదు తాతయ్యా. కూర్చున్నావ్."